పంట డబ్బు ఇల్లు చేరేలోగా...

ఆవకాయ రోజులు దగ్గర పడుతున్నాయంటే మనందరి ధ్యాసా మంచి కారం మీదే ఉంటుంది. ఈసారి గుంటూరు కాయ ఎలా ఉంది, రంగు వస్తుందా, కిలో ఎంత పలుకుతోంది అని నలుగుర్నీ వాకబు చేస్తాం. సరిగ్గా ఆ నెలల్లోనే, ఆ కాయ పండించిన ఇంటి ఇల్లాలు వేరే దిగులుతో గుమ్మంలో నిలబడి ఉంటుంది. టిక్కీలు లారీకెత్తించుకుని యార్డుకు వెళ్లిన మనిషి డబ్బుతో క్షేమంగా ఇల్లు చేరాలి. చేరాక, ఆ డబ్బులో ఇంటికి మిగిలేదెంతో తేలాలి. దారిలో కాజేసేవాడు ఒకడైతే, ఇంటి అరుగు మీద కూర్చుని ఎదురుచూసేవాడు ఇంకొకడు. మొదటివాడి గురించి పేపర్లో పడుతుంది. రెండోవాడి గురించి మనమే మాట్లాడుకోవాలి.

నగదే ఎందుకు అడుగుతారు?

గుంటూరు మిరప యార్డు ఆసియాలోని పెద్ద మిరప మార్కెట్లలో ఒకటి. వరంగల్లు ఎనుమాముల మార్కెట్టూ చిన్నదేం కాదు. రైతు సరుకు తెచ్చి కమీషన్ షాపులో దించుతాడు. తెలంగాణలోనైతే అడ్తిదారు దగ్గర దించానంటారు. అమ్ముడుపోయేదాకా ఒక్కోసారి ఆ బస్తాల పక్కనే రాత్రిళ్లు పడుకోవాల్సివస్తుంది. ధర కుదిరి, కాటా అయ్యాక పట్టీ రాస్తారు. అందులో హమాలీ, కమీషను పోతాయి. విత్తనాలకనీ, పురుగుమందులకనీ ఆ షాపులోనే ముందుగా తెచ్చుకున్న సొమ్ము వడ్డీతో సహా పోతుంది. ఆ తర్వాత వస్తుంది అసలు ప్రశ్న: ‘ఇప్పుడే నగదు కావాలా, కొన్నాళ్లు ఆగుతావా?’ అప్పటికప్పుడు చేతికి కావాలంటే నూటికి రూపాయో రెండో కోత పెట్టే అలవాటు చాలా మార్కెట్లలో ఉంది. లక్ష రూపాయల పట్టీకి రెండు రూపాయల కోతంటే రెండు వేలు. తన డబ్బు తాను తీసుకోవడానికి రైతు కట్టే రుసుమన్నమాట!

అంత కోత పెట్టినా నగదే అడుగుతున్నారంటే వాళ్లకు తెలివి లేక కాదు. కాయ కోసిన కూలీలు ఇంటి ముందుకొచ్చి అడుగుతారు, వాళ్లకు ఆ సాయంత్రమే ఇవ్వాలి. చెక్కు పుచ్చుకుంటే అది చెల్లుతుందో లేదో తెలియదు. రైతుల దగ్గర సరుకు ఎత్తి, తీరా ఐ.పి. పెట్టేసిన వ్యాపారుల కథలు ప్రతి మార్కెట్టు ఊళ్లోనూ ఉన్నాయి. ఇక మూడో కారణం ఎవరూ పైకి చెప్పరు. ఖాతాలో వేయిస్తే పాత పంట రుణం కింద బ్యాంకువాళ్లు పట్టుకుంటారేమోనని భయం. పట్టుకుంటే, బయట తెచ్చిన అప్పుకు ఏం సమాధానం చెప్పాలి? బ్యాంకు నోటీసు పంపుతుంది. బయటివాడు నోటీసు పంపడు, తానే స్వయంగా వస్తాడు. అందుకని ముందు వాడికి ఇవ్వాలని చూస్తారు.

దారి కాసేవాళ్లు

నగదు సంచీతో బయల్దేరిన మనిషిని పసిగట్టడం దొంగలకు కష్టమేమీ కాదు. కత్తి చూపించి దోచుకునే వాళ్లకన్నా మాటలతో ఏమార్చేవాళ్లే ఎక్కువ. ‘అయ్యా, మీ డబ్బు కిందపడింది’ అంటూ నాలుగు పది రూపాయల నోట్లు నేల మీద వేస్తారు. వంగి తీసుకునేలోగా సంచీ మాయం. చొక్కా మీద ఏదో పడిందని చెప్పి కడుక్కోమని పంపు చూపిస్తారు. టైరులో గాలి పోయిందంటారు. బండి డిక్కీలో డబ్బు పెట్టి టీ తాగడానికి ఆగితే, గ్లాసు ఖాళీ అయ్యేలోపు డిక్కీ ఖాళీ అవుతుంది.

కాబట్టి డబ్బు తేవడానికి ఒక్కరే వెళ్లకూడదు. షాపు గుమ్మంలో నిలబడి లెక్కపెట్టకూడదు, లోపల కూర్చుని లెక్క చూసుకోవాలి. సంచీని బండి హ్యాండిల్‌కు తగిలించడం, డిక్కీలో పెట్టడం రెండూ వద్దు, ఒంటి మీదే ఉండాలి. బయల్దేరాక మధ్యలో ఎక్కడా ఆగకూడదు. ఇంట్లో ఉన్న మనకూ ఒక జాగ్రత్త ఉంది సుమా! సరుకు లారీ వెళ్లిన సంగతి ఊరంతటికీ తెలుసు. ‘ఇవాళ మావారు డబ్బు తెస్తున్నారు’ అని బోరింగు దగ్గర మనం చెప్పకుండా ఉంటే చాలు. ఫోనులో కూడా ‘బయల్దేరారా?’ అని అడగండి, ‘ఎంతొచ్చింది?’ అని అడక్కండి. బస్సులో పక్క సీటువాళ్లకూ చెవులుంటాయి.

ఇంటికొచ్చిన డబ్బు బీరువాలో చీరల మడతల్లోకో, బియ్యం డబ్బాలోకో వెళ్తుంది. పోపుల డబ్బా బ్యాంకు మనకు కొత్తేం కాదు కదా. 2016 నవంబరు 8 రాత్రి పాత ఐదొందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు ఎన్ని ఇళ్లలో ఆ మడతలు విప్పాల్సివచ్చిందో, మావారికి తెలియకుండా దాచిందంతా ఎలా బయటపడిందో గుర్తుండే ఉంటుంది.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి, ఒకే మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు గానీ అంతకుమించి గానీ నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. జరిమానా ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. అదీ పుచ్చుకున్నంత సొమ్మూ! పంట మీద ఆదాయపు పన్ను లేదు కదా, మాకేం వర్తిస్తుందిలే అనుకుంటే పొరపాటు. పట్టీ 2 లక్షలు దాటిందంటే ఖాతాలో వేయించుకోవడమే మంచిది.

ప్రభుత్వం కొనే ధాన్యం డబ్బు, కాటన్ కార్పొరేషన్ కొనే పత్తి డబ్బు ఇప్పుడు నేరుగా ఖాతాలోనే పడుతున్నాయి. ఊళ్లలో ధాన్యం కొనుగోలు కేంద్రాలు చాలాచోట్ల మన పొదుపు సంఘాల ఆడవాళ్లే నడుపుతున్నారు కూడా. అయితే ఖాతాలో పడ్డాక దొంగల బెడద లేదని మాత్రం అనుకోవద్దు. వాళ్లు రోడ్డు మీంచి ఫోనులోకి మారారు, అంతే. ఓటీపీ అడిగితే చెప్పకండి. సొమ్ము పోయిందని తెలిసిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ దొరికే ఆశ తగ్గిపోతుంది.

అరుగు మీద కూర్చున్నవాడు

దొంగ ఒక్క పంట డబ్బే పట్టుకుపోతాడు. వడ్డీ మాత్రం రాబోయే పంటల్ని కూడా పట్టుకుపోతుంది. జాతీయ నమూనా సర్వే 2019లో లెక్కతీస్తే దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబాల్లో సగానికి, అంటే 50.2 శాతానికి అప్పులున్నాయి. అదే ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సగటున ఒక్కో కుటుంబం మీద రెండు లక్షల నలభై అయిదు వేల పైచిలుకు.

అప్పు ఉండటం తప్పు కాదు. సాక్షాత్తూ ఆ వడ్డీకాసులవాడి అప్పే ఇంకా తీరలేదంటారు. ఎక్కడ చేశామన్నదే చూసుకోవాలి. ఊళ్లో ‘మూడు రూపాయల వడ్డీ’ అంటే వినడానికి మూడు రూపాయలే. నెలకు నూటికి మూడు, ఏడాదికి నూటికి ముప్ఫయ్యారు. లక్ష తెస్తే ఏడాదికి 36 వేలు వడ్డీ. కట్టలేకపోతే దాన్ని అసల్లో కలిపి నోటు తిరగరాయిస్తారు. అలా ఏటా కలుపుకుంటూ పోతే మూడేళ్లకు ఆ లక్ష 2 లక్షల 51 వేలు దాటుతుంది. అదే లక్ష బ్యాంకులో కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట రుణంగా తీసుకుంటే ఏడు శాతం. గడువులోగా కట్టేస్తే మూడు శాతం రాయితీ పోను నాలుగే, అంటే ఏడాదికి 4 వేలు. ఎక్కడి 4 వేలు, ఎక్కడి 36 వేలు! 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా పంట రుణానికి పొలం తనఖా కూడా అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది.

మరి అందరూ బ్యాంకుకే ఎందుకు వెళ్లరంటారా? పొలం సొంతమైతే వెళ్తారు. కౌలుకు చేసేవాళ్లకు పాస్‌పుస్తకం ఉండదు. వాళ్ల కోసం 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంటసాగు హక్కు పత్రాల చట్టం వచ్చింది. ఆ పత్రానికి ఆసామి సంతకం కావాలి. సంతకం పెడితే పొలం ఎక్కడ పోతుందోనని ఆసాములు వెనకాడతారు. కాగితం మీద రైతు కాని ఆ మనిషికి కమీషన్ షాపూ, ఊళ్లో వడ్డీ వ్యాపారీ తప్ప దిక్కెవరు?

వీళ్లందరికన్నా ప్రమాదం రోజువారీ వసూలు చేసేవాళ్లు. పదివేలని రాయించుకుని పదిహేను వందలు ముందే మినహాయించుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. మగవాళ్లు పనికి పోయాక వసూలుకొచ్చేది మన గుమ్మంలోకే. 2015 డిసెంబరులో విజయవాడలో ‘కాల్‌మనీ’ వ్యవహారం బయటపడినప్పుడు, అప్పు పేరుతో ఆడవాళ్లను లైంగికంగా వేధించారన్న ఫిర్యాదులు విని రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అలాంటి మాట ఎవడైనా అంటే అది అప్పు వ్యవహారం కాదు, నేరం. సిగ్గుపడి దాచుకోవద్దు. పోలీసు స్టేషన్‌కు వెళ్లడానికి అప్పు తీరేదాకా ఆగక్కర్లేదు.

పాలవాడి లెక్క రాసే చేత్తోనే...

మనం పాలవాడి లెక్క కేలండరు మీద గీతలు గీసి మరీ పెడతాం. చాకలి పద్దు రాస్తాం. లక్షల అప్పు మాత్రం ‘మావారు చూసుకుంటారు’ అని వదిలేస్తాం. ఆయనేమో, ‘దానికి చెప్పి బాధపెట్టడం ఎందుకు’ అనుకుంటారు. ఇద్దరిదీ మంచి మనసే. కానీ ఆయన పోయాక అప్పులవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఒక్కో నోటు చూపిస్తూంటే, ఏది నిజమో ఏది కల్పనో తెలియక గుడ్లప్పగించి చూసిన ఆడవాళ్లు మన పల్లెల్లో వేలమంది.

అందుకని ఒక పుస్తకం పెట్టండి. ఎవరి దగ్గర, ఏ తేదీన, ఎంత, ఎంత వడ్డీకి, ఏం రాసిచ్చారు అన్న అయిదు ముక్కలు చాలు. దెబ్బలాడి రాబట్టకండి. పట్టీ వచ్చిన రోజు అన్నం పెట్టి, ఆయన కాస్త కుదుటపడ్డాక అడగండి. పట్టీలన్నీ ఆ పుస్తకంలోనే పెట్టుకోండి. పంట రాకముందే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లి బాకీ ఎంత, గడువు ఎప్పుడు, తిరగరాసే వీలుందా అని అడిగితే, ఖాతాలో డబ్బు పడిన రోజు భయం ఉండదు.

పొదుపు సంఘంలో అప్పు తెచ్చి బయటి అప్పు తీర్చే ఆలోచన మంచిదే. అయితే ఆ నోటు చేతికొచ్చేట్టయితేనే తెండి. సగం తీర్చి సగం ఉంచితే సంఘానికీ వాయిదా కట్టాలి, వాడికీ వడ్డీ కట్టాలి.

సంతకాల దగ్గర జాగ్రత్త. ఖాళీ ప్రామిసరీ నోటు మీద, అంకె లేని చెక్కు మీద సంతకం చేయడమంటే ఎంతైనా రాసుకోమని చెప్పడమే. ‘ఊరికే సాక్షికమ్మా’ అన్నా, ఎక్కడ పెట్టమంటున్నారో చదవండి. సాక్షిగా పెడితే ఒక లెక్క, ఆయనతోపాటు అప్పు పుచ్చుకున్నట్టో హామీగానో పెడితే మీరు కూడా బాకీదారే. కొంత సొమ్ము కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి. కొత్త నోటు రాసిచ్చినప్పుడు పాత నోటు వెనక్కి తీసుకోకపోతే రెండూ బాకీలుగానే మిగులుతాయి.

భర్త ఒక్కడే సంతకం పెట్టిన అప్పుకు ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకే వారసులు బాధ్యులు. అంతకుమించి భార్య తన సొంత పొలం, పుట్టింటి బంగారం, తన కష్టార్జితం అమ్మి కట్టాలని చట్టం అనదు. పదో రోజు కాకముందే వచ్చి కొత్త నోటు మీద ఆమె వేలిముద్ర అడుగుతారు చూడండి, అందుకే. ఆ వేలిముద్ర పడిందా, అప్పటిదాకా ఆయనది మాత్రమే అయిన బాకీ ఆమె సొంత బాకీ అయిపోతుంది. ‘పుస్తకం చూసి, లాయరును అడిగి చెప్తాను’ అని ఆ రోజు వాళ్లను పంపించేయవచ్చు. ప్రతి కోర్టులోనూ న్యాయసేవా సంస్థ ఉంది. అక్కడ ఆడవాళ్లకు, ఆదాయం ఎంతైనా సరే, లాయరును ఉచితంగానే ఇస్తారు.