ముంజేతి తాళంచెవి

వెనకటి రోజుల్లో ఇంటి పెత్తనం ఎవరిదో తెలుసుకోవటానికి ఎవర్నీ అడగనక్కరలేదు. బీరువా తాళంచెవులు ఎవరి బొడ్డున దోపి వున్నాయో చూస్తే చాలు. ఆ గుత్తి అత్తగారి నుంచి కోడలికి మారిన రోజున కొన్ని ఇళ్ళలో పండగ, కొన్ని ఇళ్ళలో యుద్ధం! ఇప్పుడు ఇంటి డబ్బు, పిల్లల ఫొటోలు, పింఛను లెక్క, డాక్టరు చీటీ - అన్నీ ఫోనులోకి చేరాయి. బీరువా జేబులోకి వచ్చింది గాని, దాని తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలన్నది మాత్రం తేలలేదు.

"అంకెలు పెట్టుకోండి" అన్నారు. మా అమ్మ ఆ అంకెలను కాలెండరు మీద ఏకాదశి గడి పక్కన రాసిపెట్టుకున్నది. వచ్చిన చుట్టమల్లా తిథితోపాటు వాటినీ చదువుకునిపోయేవాడు. "వేలిముద్ర వేయండి" అన్నారు. ఏభై యేళ్ళు చింతపండు పిసికి, అంట్లు తోమి, పిండి రుబ్బిన వేళ్ళు ఆవిడవి. గీతలు అరిగిపోయాయి. ఫోను ఆవిడను ఎరగనన్నది. పింఛను పడిందో లేదో చూసుకోవటానికి, డెబ్బయి నాలుగేళ్ళ మనిషి పక్కింటి కుర్రవాణ్ణి బతిమాలుకోవలసి వచ్చేది. "నా ఇంట్లోకి నన్నే రానివ్వటం లేదురా" అన్నదొకనాడు. ఆ మాట నాకు గుచ్చుకున్నది. అప్పటినుంచీ ఈ తాళాల సంగతి విచారించటం మొదలుపెట్టాను. తెలుసుకున్నది మీకూ మనవి చేస్తాను.

ఒంటిమీది వస్తువునే తాళంచెవిగా చేసుకుంటే ఎలా వుంటుంది? ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. అశోకవనంలో సీతమ్మకు హనుమంతుడు చూపిన ఆనవాలు ఉంగరమే గదా! మన కాలానికి వస్తే, 1998లో అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ వారు తమ జావా మహాసభకు వచ్చినవారికి తలా ఒక ఉంగరం ఇచ్చారు. దానిలో రాయికి బదులు బుల్లి కంప్యూటరు వున్నది. ఉంగరం ఆనిస్తే చాలు, ఆ మనిషికి ఎలాటి కాఫీ ఇష్టమో యంత్రానికి తెలిసేది. 2013లో మోటరోలా వారు చొక్కాకు తగిలించుకునే 'స్కిప్' అనే చిన్న క్లిప్పు తెచ్చారు. ఫోనును దానికి తాకిస్తే తెరుచుకునేది. మరుసటి యేడు ఏకంగా పచ్చబొట్టులా చర్మానికి అంటించుకునే బిళ్ళలు వచ్చాయి. పది బిళ్ళలు పది డాలర్లు. ఒక్కొక్కటి అయిదు రోజులు అంటిపెట్టుకు వుండేది. నెలకు ఆరు పచ్చబొట్లు ఎవరు మార్చుకుంటారు చెప్పండి! అదొక వేడుకగానే మిగిలిపోయింది.

ఇలాటి ఉంగరాలకూ బిళ్ళలకూ బ్యాటరీ వుండనక్కరలేదు. కొద్ది సెంటీమీటర్ల దూరంలోకి రాగానే ఫోను నుంచే వాటికి శక్తి అందుతుంది. అయితే వీటిలో రెండు జాతులున్నాయి. చవకరకం ఉంగరం ఎవరు అడిగినా తన సంఖ్య ఒక్కటే అప్పజెప్పుతుంది. దాన్ని విన్నవాడు నకలు తీసుకోవచ్చు. మేలురకం అలా కాదు. రహస్యం తన కడుపులోనే దాచుకుని, అడిగినప్పుడల్లా కొత్త ప్రశ్నకు కొత్త జవాబు లెక్కగట్టి ఇస్తుంది. ఒకనాటి జవాబు మరునాటికి పనికిరాదు. కొనబోయేవారు ముందుగా అడగవలసిన సంగతి ఇదే.

ఉంగరం కంటె గడియారం గట్టిది. 2016 నుంచి ఆపిల్ వారి గడియారం ముంజేతికి వుంటే వారి మాక్ కంప్యూటరు తెరుచుకుంటున్నది. కరోనా రోజుల్లో మాస్కుల మూలంగా ఫోను యజమాని ముఖాన్ని పోల్చుకోలేకపోయింది. 2021లో ఆ ఫోనుకు కూడా గడియారంచేత సాక్ష్యం చెప్పించారు. ఫోను తెరుచుకోగానే చేతిమీద చిన్నగా తట్టి చెపుతుంది. గడియారాన్ని చేతినుంచి తీశామా, అది తనకు తానే తాళం వేసుకుంటుంది. కనక దొంగ చేతికి చిక్కినా, దాని అంకెలు తెలిస్తే తప్ప వాడికి అక్కరకు రాదు.

ఇక్కడ ఒక దొంగ యుక్తి చెప్పాలి. మీరు హాల్లో, కంప్యూటరు గదిలో వున్నదనుకోండి. ఒకడు మీ పక్కన ఒక పరికరంతో, రెండోవాడు కంప్యూటరు దగ్గర మరో పరికరంతో నిలబడి, ఈ కబురు అక్కడికీ ఆ కబురు ఇక్కడికీ మోస్తే, గడియారం దగ్గరలోనే వున్నదని యంత్రం భ్రమపడుతుంది. తాళంచెవి ఇంట్లోనే వుండగా కార్లు మాయమవుతున్నది ఈ పద్ధతినే. దీనికి విరుగుడు కాలాన్ని కొలవటం. రేడియో తరంగం సెకనులో వందకోట్లవ వంతులో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది. కబురు వెళ్ళి రావటానికి పట్టిన వ్యవధిని బట్టి ఎంత దూరమో లెక్క తేలుతుంది. మధ్యలో మోతగాళ్ళుంటే ఆలస్యం బయటపడుతుంది.

మా అమ్మది ఆండ్రాయిడ్ ఫోను. దానిలో గడియారాన్ని నమ్మకస్థుడిగా చేర్చుకునే ఏర్పాటున్నది. కొత్త ఫోనుల్లో అది మూసిన తలుపు తెరవదు. ఒకసారి తెరిచిన తలుపును, గడియారం చేరువలో వున్నంతసేపూ మూసుకోనివ్వదు. నాలుగు గంటలు వాడకపోయినా, ఫోను ఆపి మళ్ళీ వెలిగించినా అంకెలు అడుగుతుంది. ఆవిడ పూజ ముగించుకుని ఒకసారి అంకెలు నొక్కుతుంది. ఇక తన పని తాను చూసుకుంటుంది. రోజూ నొక్కటంతో అంకెలు నోటికి వచ్చాయి, కాలెండరు మీది రాత కొట్టివేశాము. మొన్న వేసవిలో ఫోను ఆటోలో మరిచి దిగిపోయింది. గడియారం ఆవిడ చేతినే వున్నది గనక, బండి వీధి మలుపు తిరిగేసరికే ఫోను మూసుకున్నది. మేము ఫోను చేస్తే ఆటో అబ్బాయి మాట్లాడి, తెచ్చి ఇచ్చి వెళ్ళాడు. అతడు మంచివాడు, కాకపోయినా లోపలి లెక్కలు పదిలంగానే వుండేవి.

కాని గడప లోపల ఈ కాపలా అంత గట్టిది కాదు. బ్లూటూత్ కబురు ఒక్కొక్కప్పుడు 100 మీటర్ల దాకా అందవచ్చునని గూగుల్ వారే హెచ్చరిస్తున్నారు. అమ్మ వంటింట్లో వుంటే, వసారాలోని ఫోను ఎవరు తీసినా తెరుచుకునే వుంటుంది. అందుకని ఫోనును పక్కన పెట్టేముందు చేత్తో తాళం వేయటం అలవాటు చేశాము. నాన్నగారు గడియారంతో కునుకు తీస్తుంటే, పక్కనున్న కంప్యూటరు పిల్లలకు తెరుచుకోవచ్చు, తల్లులు గమనించాలి. డబ్బు పంపే పిన్ను వేరుగా వుంచి, ఎవరికీ చెప్పకండి. గడియారం పోయిన వెంటనే, నమ్మకస్థుల జాబితాలోంచి దాని పేరు కొట్టివేయండి.

ఎన్ని గడియారాలు కట్టుకున్నా అసలు అంకెలు మాత్రం మరవకూడదు. ఉంగరం నీళ్ళపాలయ్యాక శకుంతల పడ్డ పాట్లు ఎరిగినవారికి ఇది వేరే చెప్పాలా?