పీక చప్పరించిన కడుపు నిండునా?



పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు, పొలము పనులకు తల్లులు వెళ్ళవలసిన ఇండ్లు మనలో అనేకము. చీర ఉయ్యాలలో బిడ్డ ఏడ్చినప్పుడు రబ్బరు పీక నోట పెట్టుట ఇంటనున్న పెద్దలకు సులువు. మేమెవరినీ నిందించుట లేదు. చప్పరించుట వలన బిడ్డకు నెమ్మది కలుగుట నిజమే. అయితే పీకలో పాలు లేవు.

ఆకలిగొన్న బిడ్డ ఏడ్వకముందే పెదవులు చప్పరించును, చేతులు నోట పెట్టుకొనును. పీక ఆ గురుతులను కప్పివేయును. బిడ్డ తక్కువ సార్లు త్రాగినచో తల్లికి పాలు తగ్గును. అందుచేతనే 1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ ప్రకటించిన పది సూత్రములలో చనుబాలు త్రాగు బిడ్డలకు పీకలు వద్దనిరి. 2018లో దానిని సవరించి, పీకల వలని అపాయములను తల్లులకు వివరించవలెననిరి.

మరియొక సంగతియు చెప్పవలెను. చనుబాలు బాగుగా అలవాటైన పిమ్మట నిద్రవేళ పీక ఇచ్చినచో, నిద్రలో సంభవించు ఆకస్మిక శిశుమరణముల అపాయము తగ్గునని అమెరికా పిల్లల వైద్యుల సంఘము చెప్పుచున్నది.

కనుక ఇచ్చువారు జాగ్రత్త వహించవలెను. పీకను మరిగించి శుభ్రపరచవలెను. త్రాడుతో మెడకు కట్టరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె రాసి ఇవ్వరాదు. అందుండు క్రిముల వలన బొట్యులిజం అను ప్రాణాంతక వ్యాధి రావచ్చును. పంచదార పళ్ళను పాడుచేయును.

పనికి వెళ్ళు తల్లి తన పాలను శుభ్రమైన గిన్నెలో పిండి, మూతపెట్టి చల్లనిచోట ఉంచినచో, కొద్ది గంటలలోపు అవ్వ ఉగ్గుగిన్నెతో త్రాగించవచ్చును.

బిడ్డ ఏడ్చినచో మొదట ఆకలియా, తడిగుడ్డయా, ఉక్కపోతయా, జ్వరమా అని చూడవలెను. పాలు మానిన బిడ్డను ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.