ఆవిరితో చల్లదనం: బెల్జియం బాయిలర్ నుంచి శ్రీసిటీ దాకా

థర్మాక్స్ 1966లో వాన్సన్ ఇండియా పేరుతో మొదలైన ఉష్ణ ఇంజినీరింగ్ సంస్థ. బాయిలర్లు, హీటర్లు, నీటి శుద్ధి పరికరాలు, పొగలోని వేడిని తిరిగి పట్టుకునే యంత్రాలు దీని ఉత్పత్తులు. పుణె దీని ప్రధాన స్థావరం. 2018లో ఈ సంస్థ తమిళనాడు సరిహద్దును ఆనుకుని ఉన్న శ్రీసిటీలో, ఆవిరితోనూ వృథా వేడితోనూ పనిచేసే శీతల యంత్రాల కర్మాగారాన్ని తెరిచింది. శ్రీసిటీ విస్తరించిన సత్యవేడు ప్రాంతం ఒకప్పుడు తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలలోదే. 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి తాలూకా మద్రాసు రాష్ట్రానికి వెళ్ళినప్పుడు, దానికి బదులుగా అటునుంచి ఆంధ్రకు వచ్చిన గ్రామాలతో సత్యవేడు తాలూకా ఏర్పడింది. సరిహద్దు గీత మారినా ఊళ్ళలో తెలుగు, తమిళం రెండూ అలాగే ఉన్నాయి. పరిశ్రమల అవసరాలు కూడా గీతకు అటూ ఇటూ ఒకటే.

ఆ అవసరాల్లో ముందు వరుసలోది ఆవిరి. చెన్నైకి ఉత్తరాన రెడ్‌హిల్స్ బియ్యం మిల్లులకు పెట్టింది పేరు. నెల్లూరు ధాన్యం లారీల మీద అక్కడికి చేరి ఉప్పుడు బియ్యమవుతుంది. ధాన్యాన్ని వేడినీటి తొట్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడతారు. ఆవిరి తగిలినప్పుడు గింజలోని పిండిపదార్థం మెత్తబడి, పగుళ్ళు పూడి, ఆరాక గట్టిపడుతుంది. అందుకే ఉప్పుడు బియ్యంలో నూక తక్కువ. తిరువాలంగాడులోని తిరుత్తణి సహకార చక్కెర మిల్లులో చెరకు రసాన్ని చిక్కబరచడానికి ఆవిరి కావాలి. అద్దకం పనికి, టైర్ల అచ్చులకు, పాల శుద్ధికి, ఆసుపత్రి పరికరాల శుద్ధికి కూడా ఆవిరే దిక్కు.

ఇందరూ ఆవిరినే నమ్ముకోవడానికి కారణం గుప్తోష్ణం. ఒక కిలో నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సుమారు 70 కిలోకేలరీలు చాలు. అదే నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి మరో 540 కావాలి. ఆవిరి చల్లని ఉపరితలం తాకి మళ్ళీ నీరయినప్పుడు ఆ 540 కిలోకేలరీలూ అక్కడే వదిలిపెడుతుంది, అదీ ఉష్ణోగ్రత మారకుండా. పీడనం ఎంతో తెలిస్తే ఉష్ణోగ్రత ఎంతో తెలిసినట్టే. కాబట్టి ఒక వాల్వు తిప్పి తొట్టిలోని వేడిని అదుపు చేయవచ్చు. ఇంత చవకగా దొరికి, విషం కాకుండా, గొట్టంలో తనంతట తానే పరుగెత్తి ఇంత వేడిని మోసే పదార్థం మరొకటి లేదు.

వాన్సన్ ఇండియాను స్థాపించినవారు ఎ.ఎస్. భతేనా. సాంకేతిక పరిజ్ఞానం బెల్జియంలోని వాన్సన్ కంపెనీది. భారీ విద్యుత్ కేంద్రాల బాయిలర్ల కోసం ప్రభుత్వ రంగంలో తిరుచిరాపల్లి కర్మాగారం అదే దశకంలో తయారవుతోంది. అద్దకం యూనిట్లు, ఆసుపత్రులు, హోటళ్ళ స్థాయి అవసరాలు వేరు. కొత్త సంస్థ వాటినే లక్ష్యంగా పెట్టుకుని, చుట్టగొట్టపు బాయిలర్‌తో బయలుదేరింది.

పాత తరహా బాయిలర్ ఒక పెద్ద ఇనుప పీపా. అందులో టన్నుల కొద్దీ నీరు కాగుతుంది. ఆవిరి రావడానికి గంటలు పడుతుంది. చుట్టగొట్టపు బాయిలర్‌లో పీపా ఉండదు. స్ప్రింగులా చుట్టిన పొడవాటి ఉక్కు గొట్టం మధ్యలో బర్నర్ మండుతుంది. పంపు ఒక చివర నీటిని నెడుతుంటే రెండో చివర నిమిషాల్లోనే ఆవిరి వస్తుంది. లోపల ఏ క్షణంలోనైనా ఉండే నీరు కొద్ది లీటర్లే కనుక గొట్టం పగిలినా నష్టం పరిమితం. దీనికో బలహీనత ఉంది. పంపు ఆగితే గొట్టం మాడిపోతుంది, గట్టినీరు వాడితే సున్నపు పొర లోపల పేరుకుని దారి మూసుకుపోతుంది. చాలా బోర్ల నీళ్ళు గట్టినీళ్ళే. బాయిలర్ అమ్మేవాళ్ళు నీటి శుద్ధి పరికరాలూ అమ్మాల్సి రావడంలో వింత లేదు. థర్మాక్స్ తర్వాత నీటి శుద్ధిలో వాడే అయాన్ మార్పిడి రెజిన్లు తయారుచేసే స్థాయికి వెళ్ళింది.

చిన్న బాయిలర్ల ఆదరణకు చట్టం కూడా తోడ్పడింది. 1863లో కలకత్తాలో జరిగిన బాయిలర్ పేలుడు తర్వాత 1864లో బెంగాల్‌లో తనిఖీ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చట్టం ఉండేది. 1923 నాటి భారత బాయిలర్ల చట్టం వాటిని ఏకం చేసింది. 22.75 లీటర్లకు మించి నీరు పట్టే పాత్రనే అది బాయిలర్‌గా లెక్కించింది. అంటే అంతకన్నా తక్కువ నీరు పట్టే చుట్టగొట్టపు యంత్రాలకు ఏటా తనిఖీ బాధ లేదు. పరిమితిని తర్వాత 25 లీటర్లు చేశారు. 2025లో ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది.

ఆవిరికి ఒక హద్దు ఉంది. 300 డిగ్రీల వేడి కావాలంటే ఆవిరి పీడనం వాతావరణ పీడనానికి సుమారు 85 రెట్లు ఉండాలి. గొట్టాలూ వాల్వులూ అంత ఒత్తిడి తట్టుకునేలా చేయడం చిన్న పరిశ్రమలకు అయ్యే పని కాదు. దానికి ప్రత్యామ్నాయం థర్మిక్ ఫ్లూయిడ్ హీటర్. 300 డిగ్రీల దగ్గర కూడా పెద్దగా మరగని ప్రత్యేక నూనెను కాచి, గొట్టాల్లో తిప్పి, వేడి దించుకుని మళ్ళీ వెనక్కి పంపుతారు. బట్టలు ఆరబెట్టే యంత్రాలు, రసాయన రియాక్టర్లు, ప్లైవుడ్ ప్రెస్సుల దగ్గర ఇది స్థిరపడిపోయింది.

1973-74లో చమురు ధర ఒక్కసారిగా నాలుగు రెట్లయింది. ఫర్నేస్ ఆయిల్ తాగే బాయిలర్లు యజమానులకు తలనొప్పిగా మారాయి. బియ్యం మిల్లు పెరట్లోనే ఊక కుప్పలు ఉన్నాయి. ధాన్యం బరువులో సుమారు ఐదోవంతు ఊకే. కిలో ఊక సుమారు 3,000 కిలోకేలరీలిస్తుంది, ఫర్నేస్ ఆయిల్‌లో మూడోవంతు. కాకపోతే ఊకలో ఐదోవంతు బూడిద, అందులోనూ ఎక్కువభాగం సిలికా. అది గరుకు కాగితంలా గొట్టాలను అరగదీస్తుంది. ఈ ఇంధనాలకు నప్పినది ద్రవీకృత పడక పద్ధతి. కొలిమి అడుగున ఇసుక పరచి కింది నుంచి గాలి ఊదితే ఇసుక మరిగే నీళ్ళలా కదులుతుంది. ఆ కదిలే ఇసుకలో ఊకైనా, చెరకు పిప్పైనా, నాసిరకం బొగ్గైనా 800-900 డిగ్రీల దగ్గర నిలకడగా మండుతుంది. ఏ ఇంధనమైనా కాల్చగల బాయిలర్లు థర్మాక్స్‌కు ఎంతో పేరు తెచ్చాయి.

వాన్సన్ ఇండియా 1980లో థర్మాక్స్‌గా పేరు మార్చుకుంది. అప్పటికి భతేనా అల్లుడు రోహింటన్ ఆగా నాయకత్వంలో ఉన్నారు. 1995లో షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. మరుసటి ఏడాదే ఆయన మరణించారు. భార్య అనూ ఆగా అధ్యక్షురాలయ్యారు. తర్వాతి నాలుగైదేళ్ళు గడ్డుకాలం. దేశంలో కొత్త కర్మాగారాల పెట్టుబడులు తగ్గాయి, సంస్థ మాత్రం తనకు సంబంధం లేని వ్యాపారాల్లో చేతులు పెట్టి ఉంది. దాదాపు 400 రూపాయల షేరు 36 రూపాయలకు దిగింది. ఒక వాటాదారు పేరు రాయకుండా పంపిన ఉత్తరం తనను కదిలించిందని ఆమె తర్వాత చెప్పుకున్నారు. బయటి సలహాదారులను పిలిచి, డైరెక్టర్ల బోర్డును మార్చి, పక్క వ్యాపారాలు వదిలేసి, శక్తి, పర్యావరణం అనే రెండు రంగాలకే సంస్థను పరిమితం చేశారు. 2004లో కుమార్తె మెహెర్ పుదుంజీ ఆ బాధ్యత తీసుకున్నారు.

కోలుకున్నాక అడుగు పెద్దదే వేశారు. 2010లో డెన్మార్క్ బాయిలర్ సంస్థ డాన్‌స్టోకర్‌ను కొన్నారు. అదే ఏడాది అమెరికా సంస్థ బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్‌తో కలిసి సూపర్‌క్రిటికల్ బాయిలర్ల తయారీకి పూనుకున్నారు. 221 బార్ల పైన నీటికీ ఆవిరికీ తేడా చెరిగిపోతుంది. ఆ స్థితిలో నడిచే విద్యుత్ కేంద్రం తక్కువ బొగ్గుతో ఎక్కువ కరెంటు ఇస్తుంది. అంచనా వేసుకున్న ఆర్డర్లు రాలేదు. 2018లో భాగస్వామి తప్పుకోగా ఆ కర్మాగారం మొత్తం థర్మాక్స్‌దయింది. చిన్న, మధ్యతరహా పరిశ్రమల్లో ఆరితేరిన సంస్థ భారీ విద్యుత్ రంగంలోకి వెళ్ళడం తొందరపాటే అనిపిస్తుంది.

దీనికన్నా గట్టి వ్యాపారం పొగగొట్టం దగ్గర దొరికింది. బాయిలర్ పొగ ఉష్ణోగ్రత 22 డిగ్రీలు తగ్గితే సామర్థ్యం దాదాపు ఒక శాతం పెరుగుతుందని ఇంజినీర్ల లెక్క. బాయిలర్‌కు పోసే నీటిని పొగతో ఆరు డిగ్రీలు ముందే వేడిచేస్తే ఒక శాతం ఇంధనం మిగులుతుంది. డీజిల్ జనరేటర్ పొగ దాదాపు 400 డిగ్రీల వేడితో బయటికి పోతుంది. కరెంటు కోతల కాలంలో సొంత జనరేటర్లు నడిపిన పరిశ్రమలు ఈ వేడిని గాలికి వదిలేసి, పక్కనే ఏసీల కోసం మళ్ళీ కరెంటు ఖర్చుపెట్టాయి. ఈ రెంటినీ కలిపేదే శ్రీసిటీలో తయారయ్యే శోషణ శీతల యంత్రం.

వేడితో చల్లదనం పుట్టించే ఆలోచన పాతదే. ఫ్రాన్స్‌లో ఫెర్డినాండ్ కార్రే 1859లోనే అమోనియాతో అలాంటి యంత్రం చేశాడు. ఇప్పుడు భవనాలకూ పరిశ్రమలకూ వాడేది నీరు, లిథియం బ్రోమైడ్ జంట. అమెరికాలో క్యారియర్ కంపెనీ 1945లో ఈ జంటతో పెద్ద యంత్రం తెచ్చింది. ఇందులో శీతలకారి మామూలు నీరే. గాలి తీసేసిన ఉక్కు పాత్రలో పీడనం 6 మిల్లీమీటర్ల పాదరసానికి దింపితే నీరు 4 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. బయట వాతావరణ పీడనం 760. రాగి గొట్టాల వరుస మీద ఆ నీటిని చిలకరిస్తారు. గొట్టాల లోపల 12 డిగ్రీలతో వచ్చిన నీరు తన వేడిని ఇచ్చి 7 డిగ్రీలతో బయటికి పోతుంది. చల్లదనం అక్కడ పుడుతుంది.

పుట్టిన ఆవిరిని వెంటనే తీసేయకపోతే పీడనం పెరిగి పని ఆగిపోతుంది. మామూలు ఏసీలో ఆ పని కంప్రెసర్‌ది. ఇక్కడ దాన్ని లిథియం బ్రోమైడ్ ద్రావణం చేస్తుంది. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లినట్టు అది నీటి ఆవిరిని పీల్చుకుంటుంది. పీల్చి పలచబడ్డ ద్రావణాన్ని పంపు పై అరకు పంపుతుంది. అక్కడ ఆవిరో వేడినీరో జనరేటర్ పొగో దాన్ని కాచి నీటిని వేరు చేస్తుంది. చిక్కబడ్డ ద్రావణం కిందికి, విడిపోయిన నీటి ఆవిరి కండెన్సర్ మీదుగా మొదటి చోటికి చేరతాయి. తిరిగే భాగాలంటే చిన్న పంపులే. ఒక టన్ను శీతల సామర్థ్యానికి గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోల ఆవిరి ఖర్చవుతుంది. వేరుపడిన ఆవిరితోనే మరో అరను కాచే జంట దశల యంత్రానికి అందులో సగం చాలు.

ఈ యంత్రం ప్రాణం శూన్యంలో ఉంది. వందల గొట్టాలు, మీటర్ల కొద్దీ వెల్డింగు, ఎక్కడ సూదిమొన అంత రంధ్రమున్నా గాలి చొరబడి చల్లదనం పడిపోతుంది, లోపల తుప్పు మొదలవుతుంది. అందుకే తయారీలో హీలియం వాయువుతో లీకులు వెతుకుతారు. అతిచిన్నవి కావడం వల్ల హీలియం పరమాణువులు ఏ రంధ్రంలోనైనా దూరి బయటపడతాయి. రెండో ప్రమాదం గడ్డకట్టడం. ద్రావణం 65 శాతం దాటి చిక్కబడ్డాక చల్లబడితే స్ఫటికాలు ఏర్పడి గొట్టాలు మూసుకుపోతాయి. ఆకస్మికంగా కరెంటు పోతే ముందు ద్రావణాన్ని పలచబరచి ఆపే ఏర్పాటు తప్పనిసరి. పాత్రలన్నీ భారీ ఉక్కువి కనుక పూర్తయిన యంత్రాల బరువు టన్నుల్లో ఉంటుంది. చెన్నై, ఎన్నూరు, కృష్ణపట్నం రేవులు దగ్గరగా ఉండటం శ్రీసిటీకి కలిసొచ్చిన అంశం.

కేవలం చల్లదనం కోసం కొత్తగా ఇంధనం కాల్చి ఈ యంత్రం నడపడం తెలివైన పని కాదు. ఒక పాలు వేడితో సాధారణ రకం 0.7 పాళ్ళ చల్లదనమే ఇస్తుంది, జంట దశలది 1.2 నుంచి 1.4. మంచి కంప్రెసర్ యంత్రం ఒక పాలు కరెంటుతో ఐదు పాళ్ళకు పైగా ఇస్తుంది. కాబట్టి లాభమంతా ఎలాగూ పారబోసే వేడిని వాడుకోవడంలోనే. నీటి లెక్క కూడా చూడాలి. లోపలికి వచ్చిన వేడంతా కూలింగ్ టవర్ ద్వారానే బయటికి పోవాలి. అదే చల్లదనానికి సాధారణ శోషణ యంత్రం కంప్రెసర్ యంత్రానికి దాదాపు రెట్టింపు వేడిని వదులుతుంది, టవర్‌లో ఆవిరయ్యే నీరూ ఆ మేరకు ఎక్కువ. పూండి, రెడ్‌హిల్స్ చెరువులు చెన్నై దాహం తీర్చాల్సిన తిరువళ్ళూరు జిల్లాలో, 1996 నుంచి తెలుగు గంగ నీళ్ళు తోడైనా, ఇది చిన్న విషయం కాదు. అందువల్ల ఇలాంటి చోట్ల టవర్‌కు మంచినీటికి బదులు శుద్ధిచేసిన వ్యర్థజలం వాడుతున్నారు.