4 ఎందుకు, 0 ఎందుకు కాదు?

"రెజ్యూమెలో నాలుగు రకాల పీఎల్‌సీలు రాశావు, బాగానే ఉంది. ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ 4 మిల్లీయాంప్స్ నుంచే ఎందుకు మొదలవుతుంది? 0 నుంచి మొదలైతే ఏం పోతుంది?"

నా మొదటి ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఇదే. జీడిమెట్ల వైపు ఓ మందుల కంపెనీ. "అది స్టాండర్డ్ సార్" అన్నాను. "స్టాండర్డేనయ్యా, ఎందుకు పెట్టారో చెప్పు" అన్నారాయన. నాకు నోరు పెగల్లేదు. పది నిమిషాల్లో గేటు బయట ఉన్నాను.

బస్టాప్‌లో కూర్చుని లెక్కేసుకున్నా. ఈఐఈ బ్రాంచిలో నాలుగేళ్ల బీటెక్. ఆ పైన అమీర్‌పేటలో 45 రోజుల ఆటోమేషన్ కోర్సు. దాని ఫీజు కోసం నాన్న చేసిన అప్పు. కంప్యూటర్లో ట్రాఫిక్ లైట్లు వెలిగించడం వచ్చు, సీసాలు నింపడం వచ్చు. ఆ వైరు అవతలి చివర ఏముంటుందో మాత్రం ఎవరూ చూపించలేదు. నేనూ అడగలేదు, అదీ నిజమే.

జవాబు చాలా సింపుల్. ట్యాంకు ఖాళీ అయితే 4, సగం ఉంటే 12, నిండితే 20. అదే 0 నుంచి మొదలైతే, ట్యాంకు ఖాళీ అయినా 0, ఎలుక వైరు కొరికినా 0. కంట్రోల్ రూమ్‌లో ఉన్నవాడికి తేడా తెలీదు. 4 నుంచి మొదలుపెడితే, 0 కనబడగానే వైరు తెగిందని అర్థమైపోతుంది. పైగా రెండు వైర్ల ట్రాన్స్‌మిటర్ ఆ 4 మిల్లీయాంప్స్ మీదే బతుకుతుంది, దానికి వేరే పవర్ కేబుల్ అక్కర్లేదు.

ఆర్నెల్లు ఇంట్లోనే ఉన్నా. రూమ్మేట్ టెస్టింగ్ కోర్సు చేసి ఐటీలో చేరిపోయాడు. "నువ్వూ అటే వెళ్లరా" అన్నారు అందరూ. చివరికి విశాఖ వైపు ఓ ప్లాంట్ షట్‌డౌన్ పనికి కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్‌గా వెళ్లాను. బీటెక్ చదివి హెల్పరా అని అమ్మ రెండ్రోజులు మాట్లాడలేదు.

అక్కడే నా చదువు మొదలైంది. పని పేరు లూప్ చెకింగ్. ఫీల్డ్‌లో ఒకడు సిగ్నల్ ఇస్తాడు, కంట్రోల్ రూమ్‌లో ఇంకొకడు వాకీటాకీలో చదువుతాడు. 0, 25, 50, 75, 100. మళ్లీ వెనక్కి. ఇలా రోజంతా ఎండలో నిచ్చెనలెక్కి దిగడమే. మాకు నేర్పింది ఐటీఐ చదివిన ఓ సీనియర్ టెక్నీషియన్, అందరం గురువుగారూ అనేవాళ్లం. ఏ వాల్వ్ దగ్గరికెళ్లినా ఆయన ముందు అడిగేది ఒకటే: "గాలి పోతే ఇది తెరుచుకుంటుందా, మూసుకుంటుందా?" రియాక్టర్‌కి ఆవిరి ఇచ్చే వాల్వ్ మూసుకోవాలి, చల్లటి నీళ్లిచ్చే వాల్వ్ తెరుచుకోవాలి. తిరగేసి బిగిస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఊహించుకోమన్నాడు.

తర్వాత ఓ ఫార్మా ప్లాంట్‌లో షిఫ్ట్ ఇంజినీర్‌గా చేరాను. ఓ రాత్రి రెండింటికి రియాక్టర్ టెంపరేచర్ ఎక్కువైందని ఇంటర్‌లాక్ పడిపోతోంది. రీసెట్ చేస్తే మళ్లీ పడుతోంది. "సెన్సార్ పాడైంది, బైపాస్ పెట్టు, బ్యాచ్ ఆగిపోతోంది" అని ప్రొడక్షన్ వాళ్ల ఒత్తిడి. నేను అప్పటికింకా ప్రొబేషన్‌లో ఉన్నా. చేతులు వణికాయి. నిజంగానే వేడెక్కుతుంటే? సంతకం లేకుండా పెట్టనని చెప్పి మల్టీమీటర్ పట్టుకుని పైకెక్కాను. ఆర్‌టీడీ తలకాయలో ఒక స్క్రూ లూజైంది. అక్కడ రెసిస్టెన్స్ పెరిగితే తెర మీద వేడి పెరిగినట్టే కనిపిస్తుంది. పక్కనున్న లోకల్ గేజ్ మామూలుగానే ఉంది. స్క్రూ బిగించి దిగేసరికి నలభై నిమిషాలు. పొద్దున తిట్లు పడ్డాయి, బ్యాచ్ లేటయినందుకు.

ఈ ఉద్యోగాలు ఎక్కడ దొరుకుతాయని చాలామంది అడుగుతారు. పరవాడ, పాశమైలారం, జడ్చర్ల ఫార్మా కంపెనీల వాకిన్లు చూడండి, ఆదివారాలు ఎక్కువగా పెడుతుంటారు. అమెరికాకు మందులమ్మే కంపెనీల్లో కంప్యూటర్ రికార్డులకు 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే రూల్ ఉంది. ఎవరు, ఎప్పుడు, ఏ విలువ మార్చారో చెరిగిపోకుండా ఉండాలి. ఆ డాక్యుమెంట్లు రాయడం వచ్చినవాళ్లకు గిరాకీ ఉంది. బోర్ కొట్టే పనే, కానీ జీతం బోర్ కొట్టదు. పబ్లిక్ సెక్టార్ కావాలంటే గేట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్‌కి విడిగా పేపరుంది. డిప్లొమా, బీటెక్ వాళ్లకు నాట్స్ పోర్టల్‌లో ఏడాది అప్రెంటిస్‌షిప్‌లుంటాయి. నన్నడిగితే మొదటి రెండేళ్లకు చిన్న సిస్టమ్ ఇంటిగ్రేటర్ కంపెనీయే మేలు. నిద్ర ఉండదు గానీ ప్యానెల్ వైరింగ్ నుంచి కమిషనింగ్ దాకా అన్నీ మీ చేతుల మీదుగానే వెళ్తాయి.

లాడర్ లాజిక్ నేర్చుకోవడానికి అప్పు చేయక్కర్లేదు. కోడెసిస్ ఉచితంగా డౌన్‌లోడ్ అవుతుంది, సిమ్యులేషన్ అందులోనే ఉంది. "డిపాజిట్ కట్టు, బ్యాక్‌డోర్‌లో వేయిస్తాం" అన్నవాడికి రూపాయి కూడా ఇవ్వకండి. గల్ఫ్ షట్‌డౌన్ పనులకైతే ఏజెంట్ పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి.

ఇప్పుడు టేబుల్‌కి ఇవతలి వైపు నేనున్నాను. మొన్న డిప్లొమా చేసిన ఓ అమ్మాయి వచ్చింది. రెజ్యూమె ఒకటే పేజీ, ఒకటే పీఎల్‌సీ. నా పాత ప్రశ్నే అడిగాను. జవాబు టకటకా చెప్పేసి, "మీ ప్లాంట్‌లో వైరు తెగితే డీసీఎస్ ఆ వాల్వ్‌ని మూసేస్తుందా, ఉన్నచోటే ఉంచేస్తుందా సార్?" అని ఎదురడిగింది.

మూడు లూపుల సంగతి నాకు వెంటనే గుర్తురాలేదు. సాయంత్రం కంట్రోల్ రూమ్‌కెళ్లి సెట్టింగులు తెరిచి చూసుకున్నా. ఆ అమ్మాయి ఒకటో తారీఖున చేరుతోంది.