పొగచూరిన గోడలు

ఇంటిని జూచి యిల్లాలిని జూడుమని పెద్దలందురు. వంటయింటి గోడకు పట్టిన మసి మన శ్రమకు గుర్తు. దానికి మనము సిగ్గుపడ నక్కరలేదు. ముందరిగది గోడలకును పైకప్పునకును చుట్ట, బీడీ, సిగరెట్ల పొగవలన పట్టిన పచ్చని జిగురు మాత్రము మన చేతిపని కాదు. అయినను దానిని వదలించు పని మన పాలనే పడుచున్నది. పండుగకో, పెండ్లికో, అమ్మాయి పురిటికి వచ్చుచున్నదనియో రంగులు వేయింప దలచిన సోదరీమణులు ఈ విషయమున తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు.

ముందుగా అది పొగమరకయే యని నిశ్చయించుకొనవలెను. వాననీరు దిగిన మరకకు అంచున గోధుమరంగు గీత వలయముగా నుండును. పొగమరక గదియంతటను వ్యాపించి, వేడిపొగ పైకి పోవును గావున కప్పునందును మూలలందును ఎక్కువగా నుండును. గోడకున్న పటమును తీసిచూచినచో దాని వెనుకచోటు తెల్లగా కనబడును. తడిగుడ్డతో రుద్దినచో గుడ్డకు తేనీటివంటి రంగంటును.

మేము బాడుగకు తీసికొన్న యొక యింట, యజమాని మా రాకకు ముందే కప్పునకు డిస్టెంపరు రెండు పూతలు వేయించెను. వానకాలము రాగానే తెలుపుమీద పచ్చని చారలు తేలినవి. రంగు పలుచనయ్యెనని తలచి ఆయన మూడవ పూత వేయించెను, అదియు పచ్చబడినది. దీనికి కారణమిది. పొగాకు కాలునపుడు వెలువడు తారును, నికోటినును గోడపై జిగురుపొరగా నిలుచును. అందలి రంగుపదార్థములు కొన్ని నీటిలో కరగునట్టివి. సున్నము, డిస్టెంపరు, ఎమల్షను అన్నియు నీటితో కలిపి వేయునవే. తడిపూతలో కరిగిన మరక, ఆరుచున్న నీటితో కూడ పైకి వచ్చి క్రొత్తరంగుమీద నిలుచును. కావున పూతలు పెంచినకొలది ఖర్చు పెరుగునే గాని మరక యడగదు.

చేయవలసిన మొదటి పని కడుగుట. గదిలోని సామాను వెలుపల పెట్టి, కరెంటు మెయిను ఆపి, కిటికీలు తెరువవలెను. పది లీటర్ల గోరువెచ్చని నీటిలో నూరు గ్రాముల బట్టలసోడా కరగించి, చేతులకు రబ్బరు తొడుగులు వేసికొని, స్పాంజితో మొదట కప్పును, పిదప గోడలను తుడువవలెను. గోడను క్రిందినుండి పైకి కడుగవలెను. పైనుండి మొదలిడినచో మురికినీరు పొడిగోడపై జారి చారలు కట్టును. నీరు గోధుమరంగు తిరిగినప్పుడెల్ల మార్చి, చివరకు మంచినీటితో రెండుమారులు తుడిచి, గోడ పూర్తిగా ఆరువరకు ఆగవలెను. సున్నము, పాత డిస్టెంపరు కడుగుటకు నిలువవు. వానిని తడిపి రేకుతో గీకివేయవలెను. పాతరంగును పొడిగా ఉప్పుకాగితముతో రుద్దరాదు. మన దేశమున ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదను నియమము 2017 నవంబరు 1 నుండియే అమలులోనికి వచ్చినది. అంతకు ముందటి రంగుల పొడి పిల్లలకును గర్భిణులకును హానికరము.

రెండవ పని మరకను బంధించుట. ఇందుకు నీటితో కలుపు ప్రైమరు చాలదు. నూనెతో చేసినది గాని, లక్కను స్పిరిటులో కరగించి చేసినది గాని కావలెను. లక్క నీటిలో కరగదు. కావున దాని క్రింది మరక పైపూతలోనికి రాజాలదు. పాతకంపు సైతము చాలవరకు అణగును. లక్క ప్రైమరు గంటలోపల ఆరును. నూనె ప్రైమరునకు ఒక రాత్రి పట్టును. లక్కయింటి కథ చదివిన మనకు లక్క యెట్లు మండునో చెప్పనక్కరలేదు. స్పిరిటు అంతకంటె వేగముగా నంటుకొనును. పని జరుగునపుడు పొయ్యి, దీపము, అగరువత్తి ఏవియు దగ్గర ఉండరాదు. గర్భిణులును, పసిపిల్లలును ఆ పూట వేరొకచోట నుండవలెను. ముందుగా అడుగు మేర చోట ప్రైమరును, దానిపై రంగును వేసి మరునాడు చూడుడు. పచ్చదనము తేలకున్న గదియంతయు వేయింపవచ్చును. తేలినచో మరియొక పూత ప్రైమరు వేసి, పిదప రంగు రెండు పూతలు వేయింపవలెను.

ఇంత శ్రమ కంటికింపు కొరకే కాదు. గోడకు పట్టిన నికోటిను, గ్యాసుపొయ్యి మండుటవలన గదిలో కలుగు నైట్రసు ఆమ్లముతో కలిసి క్యాన్సరు కలిగించు పదార్థములుగా మారునని అమెరికాయందలి లారెన్సు బర్క్‌లీ ప్రయోగశాలవారు 2010లో తెలిపిరి. పొగత్రాగువారు ఖాళీచేసిన యిండ్లు రెండునెలలు మూసియుండి, శుభ్రపరచిన పిదప కూడ, అందులో క్రొత్తగా దిగినవారి వ్రేళ్లకు నికోటిను అంటుచున్నదని అదే దేశమున శాండియాగోవారు 2011లో ప్రకటించిరి. గోడ పట్టుకొని నిలుచుండ నేర్చు బిడ్డ, ఆ చేతినే నోట పెట్టుకొనును గదా! కడుగక రంగు వేయుట దాచుటయే గాని తొలగించుట కాదు.

ఇక కష్టమైన మాట యొకటి. గదిలో పొగ మానకున్న ఏ ప్రైమరును నిలువదు. క్రొత్త తెలుపుమీద క్రొత్త పచ్చదనము చేరును. 2008 అక్టోబరు 2 నుండి మన దేశమున బహిరంగ స్థలములందు పొగత్రాగుట నిషిద్ధము. ఆ నియమము మన గడప దాటి లోనికి రాదు. ఇంటి నియమమును ఇంటివారే చేసికొనవలెను. మామగారితో చుట్ట మానుడని కోడలు చెప్పలేకపోవచ్చును. కాని ఆయన పడకకుర్చీని పెరటిలో నీడపట్టున వేసి, ప్రక్కన చెంబుతో నీళ్లును, బూడిదకు మూకుడును పెట్టి, "మామగారూ, పాపాయి ఈ గదిలో ప్రాకును" అని వినయముతో మనవి చేయవచ్చును. మనుమరాలి పేరు చెప్పిన పిదప కాదను తాత అరుదు. ఆ మాట రంగు వేయించుటకు ముందే చెప్పుట మేలు.