నోట్లో వెండి, చేతిలో సిగరెట్

సిగరెట్ మాన్పించడానికి నోటి మందు అంటే నిన్నమొన్నటి ఆలోచనలా కనిపిస్తుంది గానీ, దాని వయసు నూరేళ్లు దాటింది. 1913లో షికాగోలో సిగరెట్లపై ధ్వజమెత్తిన లూసీ పేజ్ గాస్టన్, డాక్టర్ డేనియల్ క్రెస్ కలిసి ఒక క్లినిక్ నడిపారు. అక్కడ వచ్చినవాళ్ల గొంతులో సిల్వర్ నైట్రేట్ ద్రావణం పూసి, నమలడానికి జెన్షన్ వేరు ఇచ్చేవారు. వెండి లవణం నోట్లో ఉండగా పొగ తగిలితే లోహపు వెగటు రుచి పుడుతుంది. వేలు చీకే బిడ్డకు వేపాకు పసరు పూయడం లాంటి ఉపాయమే ఇది. తరవాత వెండి సిల్వర్ ఎసిటేట్ రూపంలో చూయింగ్ గమ్‌లోకి, చప్పరించే బిళ్లల్లోకి, స్ప్రేలోకి చేరింది. ఇన్ని వేషాలు మార్చినా ఈ మందు ఎందుకు నిలదొక్కుకోలేదు? రసాయనం విఫలమైందనుకుంటే పొరపాటు. రుచి చెడగొట్టడంలో అది ఎన్నడూ తప్పలేదు.

అసలు రుచి చెడుతుందా లేదా అన్నది ఒక్క దమ్ముతో తేలిపోతుంది; దానికి ప్రయోగం అక్కర్లేదు. ఆరునెలలకో ఏడాదికో ఆ మనిషి పొగ తాగుతున్నాడా అన్నదే తేల్చాలి. అందుకే వచ్చినవాళ్లను చీట్లు తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందు, మరో జట్టుకు అలాగే కనిపించే ఉత్తుత్తి మందు ఇస్తారు. మానేశానన్న మాటనూ ఊరికే నమ్మరు. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు. అది ఒకరోజులో చాలావరకు పోతుంది కనుక, నికోటిన్ ఒంట్లో విరిగి పుట్టే, కొన్నాళ్లు నిలిచే కొటినిన్‌ను ఉమ్మిలో వెతుకుతారు. మధ్యలో మాయమైనవాళ్లను తాగుతున్నవాళ్ల కిందే లెక్కగడతారు. కఠినమైన లెక్కే, కానీ వెండికి సరిగ్గా సరిపోయే లెక్క. వెగటు భరించలేనివాడు సిగరెట్ మానడం కన్నా మందు మానడం తేలిక!

1990లో ప్రచురితమైన డెన్మార్క్ ప్రయోగంలో 496 మందికి నికోటిన్ గమ్, సిల్వర్ ఎసిటేట్ గమ్, మామూలు గమ్ పంచి చూశారు. 1996 నాటి అమెరికా ప్రయోగంలో 500 మందికి వెండి బిళ్లలో, ఉత్తుత్తి బిళ్లలో ఇచ్చారు. ఇలాంటి ప్రయోగాలను కలిపి చూసినా వెండికి ప్రత్యేక ప్రభావం ఉందనడానికి ఆధారం దొరకలేదు. క్రమం తప్పక వాడినవాళ్లు బాగా మానారు కదా అని వాదించవచ్చు. కానీ క్రమం తప్పని మనిషికి పట్టుదల ముందే ఉంటుంది. ఉత్తుత్తి బిళ్లను శ్రద్ధగా చప్పరించినా అతడు మానగలడు. రుచి మారగానే ఎవరికి ఏది ఇచ్చారో తెలిసిపోతుంది, కాబట్టి పోలిక చెడుతుంది అన్నది ఇంకో అభ్యంతరం. నిజమే. అయితే అలా తెలియడం అసలు మందు అందినవాడి నమ్మకాన్నే పెంచాలి. ఆ దన్ను ఉండి కూడా వెండి గెలవలేదు.

పోనీ, కొద్దిమందికి పనికొచ్చినా నష్టమేముంది అంటారా? ఒంట్లో వెండి పేరుకుంటే చర్మం శాశ్వతంగా బూడిద రంగుకు తిరుగుతుంది. ఇలాంటి పొగమాన్పు మందునే అతిగా వాడిన ఒక స్త్రీ శరీరంలో 6.4 గ్రాముల వెండి ఉన్నట్టు 1980లో వైద్యులు నమోదు చేశారు. పనిచేస్తుందన్న రుజువు లేక, 1993లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డాక్టర్ చీటీ లేకుండా అమ్మే పొగమాన్పు మందుల్లో సిల్వర్ నైట్రేట్‌కు, సిల్వర్ ఎసిటేట్‌కు చోటు లేదంది.

నోటి దారి మాత్రం మూసుకుపోలేదు. ఒక్కో నొక్కుకు 1 మిల్లీగ్రాము నికోటిన్ ఇచ్చే స్ప్రేను 479 మందిపై పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు: ఏడాదికి నిలిచినవాళ్లు 13.8 శాతం, ఉత్తుత్తి స్ప్రే జట్టులో 5.6. వ్యసనాన్ని వ్యసనంతో మేపుతున్నారని కొందరంటారు. మేపేది నికోటిన్‌నే, తారునూ కార్బన్ మోనాక్సైడ్‌నూ కాదు. ఆ నికోటిన్ చెంప లోపలి పొర దాటాలంటే నోట్లో పులుపు ఉండకూడదు. పులుపు పెంచే కాఫీ, కోలా తాగిన నోట్లో నికోటిన్ గమ్ నుంచి అది సరిగా ఇంకదని 1990లోనే చూపించారు. నోటి మందును పరీక్షించేవాళ్లు, వాడే ముందు ఏం తాగారో కూడా రాసుకోవాల్సిందే.