ఎక్స్‌కిరణ గ్రహణమునకు నూతన అర్ధవాహకములు

ఎక్స్‌రే చిత్రమున ఎముక తెల్లగా కనిపించునని అందఱును ఎఱుగుదురు. ఆ చిత్రమునకై రోగి దేహము ఎంత కిరణమును భరింపవలసి వచ్చెనో విచారించువారు అరుదు. గ్రహించు ఫలకము మందకొడిదైనచో కిరణములను హెచ్చుగా ప్రసరింపజేయక తప్పదు.

రాంట్‌గెన్ 1895లో జర్మనీయందు ఈ కిరణములను కనుగొన్నది మొదలు చిరకాలము ఫిల్ములే వానిని గ్రహించినవి. నేటి డిజిటల్ ఫలకములలో పెక్కింట సీసియం అయొడైడ్ పొర యుండును. కిరణము తాకగనే అది మినుకుమనును. ఆ వెలుగును క్రిందనున్న సిలికాన్ పలక విద్యుత్తుగా మార్చును. ఇది దుబాసి ద్వారా సంభాషించుట వంటిది. దుబాసి నోట మాట ఎట్లు మాఱునో పరభాషా ప్రాంతములందు తరతరములుగా వసించు తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. వెలుగు ప్రక్కలకు ప్రాకి, అద్దుడు కాగితముపై సిరాబొట్టువలె అంచులను చెఱపును.

దుబాసి లేకుండ కిరణమును నేరుగా విద్యుత్తుగా మార్చునవి కొన్ని అర్ధవాహకములు. కిరణము హరింపబడిన చోటనే ఎలక్ట్రానులును, అవి విడిచిన ఖాళీలును జంటలుగా పుట్టును. వోల్టేజి వానిని చెఱియొక తట్టునకు తిన్నగా లాగికొనును. వీనిలో చిరపరిచితము స్ఫటికరూపము లేని సెలీనియము. స్తనపరీక్షలోని మృదుకిరణములకు దాని 200 మైక్రోమీటర్ల పొర చాలును. కాని దాని పరమాణు సంఖ్య 34 మాత్రమే. ఛాతీ పరీక్షకు వలయు తీక్ష్ణకిరణములు ఆ పొరను చాలవఱకు దాటిపోవును. పొరను ఒక మిల్లీమీటరు మందము చేసినచో, మైక్రోమీటరునకు 10 వోల్టుల చొప్పున 10,000 వోల్టులు కావలెను. కాడ్మియం టెల్యురైడు ఇంతకంటె సమర్థమే గాని, దాని స్ఫటికములను మిక్కిలి హెచ్చు వేడిలో పెంచవలెను. పెద్ద ఫలకములు మిక్కిలి వ్యయసాధ్యము.

ఇందుచేతనే పెరోవ్‌స్కైట్‌లపై దృష్టి మరలినది. సీసము (82), అయొడీను (53) వంటి బరువైన పరమాణువులుండుటచే ఇవి కిరణములను బాగుగ హరించును. పైగా, పాకమునుండి కలకండ పేరినట్లు, ద్రావణమునుండియే స్ఫటికములు పెరుగును. 2016లో ప్రకటింపబడిన ప్రయోగమున మిథైలమోనియం లెడ్ బ్రోమైడ్ స్ఫటికము సెలీనియముకంటె నాలుగురెట్లు సూక్ష్మగ్రాహియని తేలినది. మఱుసటి యేడు దక్షిణకొరియా పరిశోధకులు ఈ జాతి పదార్థమును పూతగా పూసి 10 సెంటీమీటర్ల చదరపు ఫలకమును నిర్మించిరి.

ఇంతమాత్రమున పొంగిపోదగదు. ఈ పదార్థములలో వోల్టేజికి ఎలక్ట్రానులేగాక అయానులును కదలును. కిరణము లేనపుడు సయితము ప్రవహించు ‘చీకటి విద్యుత్తు’ అందువలన నిలుకడ తప్పును. నిన్నటి చిత్రమును నేటి చిత్రముతో పోల్చు వైద్యుడు, మాఱినది వ్యాధియో ఫలకమో ఎట్లు నిర్ణయించును? తేమ సోకిన చెడుట మఱియొక లోపము. సీసపు విషమును తప్పించుటకై దాని స్థానమున వెండిని, బిస్మత్‌ను (83) చేర్చిన స్ఫటికములను 2017లో చైనా శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. వానిలో అయానుల కదలికయు తగ్గినట్లు కనుగొనిరి.